బల్లమీది రణరంగము

చదరంగమును చూడని విద్యార్థి అరుదు. అరువదినాలుగు గళ్ళ బల్లమీద రెండు సైన్యములు ఎదురెదురుగా నిలుచును. దీనికి మూలమైన చతురంగము క్రీ. శ. 6వ శతాబ్ది ప్రాంతమున భారతదేశములో ఆడబడుచుండెను. ఇచ్చటినుండి అది పారశీకమునకు, అచ్చటినుండి అరబ్బుల ద్వారా ఐరోపాకు ప్రాకెను. రథములు, ఏనుగులు, గుర్రములు, కాల్బలము అను నాలుగు సేనాంగములు కలది కనుకనే దానికి ఆ పేరు వచ్చినది. యుద్ధమునకు ప్రతిబింబముగనే ఆ ఆట పుట్టినదని దీనినిబట్టి తెలియును.

అయినను చదరంగమునకును నిజమైన యుద్ధమునకును మూడు పెద్ద భేదములు కలవు. చదరంగములో ఎదుటివాని బలమంతయు కంటికి కనబడును. యుద్ధములో కొండ వెనుక ఏమున్నదో సేనాపతికి తెలియదు. చదరంగములో ఒక కాయ మరియొక కాయ ఉన్న గడిలోనికి వచ్చినచో రెండవది తప్పక చచ్చును. యుద్ధములో పేల్చిన గుండ్లలో అధికభాగము గురి తప్పును. చదరంగపు బల్ల అంతటను చదును. నేలమీద నదులు, కొండలు, బురద, కంపచెట్లు ఉండును. అజ్ఞాతము, యాదృచ్ఛికత, భూస్వరూపము అను ఈ మూడింటిని ఆటలోనికి తెచ్చుటకు వేయి సంవత్సరములకు పైగా పట్టెను. తెచ్చిన పిమ్మట ఆ ఆట వినోదముగా మాత్రమే నిలువక, ఊహలను పరీక్షించు సాధనముగా మారెను. ఆ చరిత్రను చెప్పి, నెపోలియను కాలపు పద్ధతిలో ఒక కల్పిత యుద్ధమును గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణముల నడుమ నడిపి చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గళ్ళనుండి పటమునకు

తెలుగు పల్లెలలో అరుగులమీద గీతలు గీచి ఆడు పులిజూదము చదరంగముకంటె ఒక విషయములో యుద్ధమునకు దగ్గరగా ఉన్నది. అందు మూడు పులులు, పదునైదు మేకలు ఉండును. పులులు దూకి మేకలను చంపును. మేకలు చంపలేవు, కాని చుట్టుముట్టి పులులను కదలనీయకుండ చేయగలవు. రెండు పక్షముల సంఖ్య వేరు, బలము వేరు, గెలుచు మార్గము వేరు. నిజమైన యుద్ధములలో సమానబలములు ఎదుర్కొనుట అరుదు కనుక ఇది చక్కని పాఠము. అయితే ఇందు కూడ యాదృచ్ఛికతకు చోటు లేదు. అంతయు కన్నుల ఎదుటనే ఉండును.

1780లో జర్మనీలోని బ్రున్స్‌విక్ నగరమున గణితము బోధించుచుండిన హెల్‌విగ్ అను పండితుడు చదరంగమును పెంచి ఒక కొత్త ఆటను ప్రకటించెను. దాని బల్లకు 1600కు పైగా గళ్ళుండెను. నీటికి ఒక రంగు, కొండలకు ఒక రంగు, అడవికి మరియొక రంగు వేసి నేల స్వభావమును సూచించెను. కొలది కాలమునకు వెంటూరిని అను మరియొకడు గళ్ళను 3600 వరకు పెంచెను. అయినను నది గడి అంచువెంట వంకరలేకుండ పారుట, సైన్యము గడినుండి గడికి దూకుట అను కృత్రిమత్వము తొలగలేదు.

1806 అక్టోబరు 14న నెపోలియను సైన్యములు యేనా, ఔవర్‌స్టెట్ అనుచోట్ల ప్రష్యా సైన్యమును ఒక్క దినములో చితుకగొట్టెను. అంతవరకు తమ శిక్షణకు సాటి లేదని నమ్మిన ప్రష్యనులు తమ పద్ధతులన్నిటిని తిరిగి పరిశీలింపవలసివచ్చెను. ఆ వాతావరణములోనే రైస్‌విట్జ్ అను ఉద్యోగి గళ్ళను విడిచిపెట్టి, కొండలు, లోయలు, నదులు చెక్కిన చిన్న చిన్న దిమ్మలను ఇష్టము వచ్చినట్లు పేర్చగల ఒక బల్లను చేయించి, 1812లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విలియమునకు సమర్పించెను. ఆ బల్ల అందమైనదే కాని ఖరీదైనది.

దానిని అందరికి అందుబాటులోనికి తెచ్చినవాడు ఆయన కుమారుడు, ఫిరంగిదళములో అధికారియైన చిన్న రైస్‌విట్జ్. 1824లో ఆయన ప్రకటించిన ఆటకు బల్ల అక్కరలేదు. సర్వే చేసి గీచిన పటము చాలును. పటము స్కేలు 1:8000. అనగా నేలమీది ఒక కిలోమీటరు పటముమీద పన్నెండున్నర సెంటీమీటర్లు. ఒక్కొక్క ఎత్తు నిజకాలములో 2 నిమిషములకు సమానము. నిమిషమునకు 75 మీటర్లు నడుచు పదాతిదళము 2 నిమిషములలో 150 మీటర్లు పోవును కనుక, పటముమీద దాని చీటి రెండు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగా జరుగవలెను. ఈ విధముగా ఆటలోనికి దూరము, కాలము, వేగము అను భౌతిక రాశులు ప్రవేశించినవి.

తుపాకి దెబ్బల ఫలితమును పాచిక నిర్ణయించును. అయితే ఏ పాచికకు ఎంత నష్టమో రచయిత ఊహించి వ్రాయలేదు. ప్రష్యా సైన్యము వేరువేరు దూరములనుండి లక్ష్యములమీద తుపాకులను పేల్చి, నూటికి ఎన్ని గుండ్లు తగులునో లెక్కించి ఉండెను. ఆ లెక్కలే పట్టికలకు ఆధారము. ఇక మూడవ మార్పు అన్నిటికంటె ముఖ్యమైనది. రెండు పక్షములకును నడుమ ఒక మధ్యవర్తి ఉండును. సేనాపతులు తమ ఆజ్ఞలను కాగితముమీద వ్రాసి అతనికి ఇత్తురు. ఎదుటివారికి నిజముగా కనబడదగిన దళములను మాత్రమే అతడు పటముమీద ఉంచును. ఆజ్ఞ దళమును చేరుటకు ఎంత కాలము పట్టునో అంత కాలము ఆగిన పిమ్మటనే దానిని అమలు జరుపును.

ప్రష్యా సేనాప్రధాని ముఫ్లింగ్ ఈ ఆటను చూచి, ఇది వినోదము కాదని, సైన్యమునకు నిజమైన శిక్షణ అని మెచ్చుకొనెను. రాజాజ్ఞచే అది సైనిక దళములకు పంచబడెను. చిన్న రైస్‌విట్జ్ మాత్రము 1827లోనే అకాలముగా మరణించెను. 1870-71లో ప్రష్యనులు ఫ్రాన్సును ఓడించిన పిమ్మట ఇతర దేశముల సైన్యములు కూడ ఈ పద్ధతిని చేపట్టినవి. తమ సైన్యమునకు నీలము, శత్రువునకు ఎరుపు అను సంప్రదాయము కూడ ఆ ప్రష్యా చీటీలనుండి వచ్చినదే.

బొమ్మ సైనికులు

సైనికాధికారులు పటములను వాడుచుండగా, సామాన్యుల ఇండ్లలో మరియొక మార్గము ఏర్పడెను. 18వ శతాబ్ది చివరి భాగమున జర్మనీలోని న్యూరెంబర్గు పరిసరములలో తగరముతో పలుచని సైనికుల బొమ్మలు పోతపోయుట పరిశ్రమగా పెరిగెను. 1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ లోపల డొల్లగా ఉండు సీసపు బొమ్మలను పోయు పద్ధతిని కనిపెట్టెను. లోహము తక్కువ పట్టుటచే వాని వెల తగ్గెను. ఒక్కొక్క బొమ్మ ఎత్తు సుమారు 54 మిల్లీమీటర్లు.

ఈ బొమ్మలతో నియమబద్ధముగా ఆడు విధానమును ప్రజలకు పరిచయము చేసినవాడు విజ్ఞాన కల్పనలు వ్రాసిన హెచ్. జి. వెల్స్. 1913లో వెలువడిన ‘లిటిల్ వార్స్’ అను చిన్న పుస్తకములో ఆయన గది నేలమీద ఆడవలసిన యుద్ధమునకు నియమములు వ్రాసెను. స్ప్రింగుతో కొయ్యముక్కలను విసరు బొమ్మ ఫిరంగితో బొమ్మలను పడగొట్టుట అందలి పద్ధతి. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ ‘వార్ గేమ్స్’ అను పుస్తకమును ప్రకటించిన పిమ్మట ఇంగ్లండులోను, ఇతర దేశములలోను ఈ ఆట బాగుగా వ్యాపించెను.

ఈ ఆటగాండ్రలో పలువురు నెపోలియను కాలమును ఎన్నుకొనుటకు కారణములు కలవు. ఆనాటి దుస్తులు రంగురంగులవి. పదాతులు, అశ్వికులు, ఫిరంగులు అను మూడు అంగములలో ఏ ఒక్కటియు తక్కిన రెండింటిని పూర్తిగా మించదు. అశ్వికులు పైబడినప్పుడు పదాతులు చతురస్రాకారమున నిలిచి బల్లెపు తుపాకులతో వారిని ఆపగలరు. కాని గుంపుగా నిలిచిన ఆ చతురస్రము ఫిరంగులకు సులభమైన లక్ష్యము. ఆ ఫిరంగులు మరల అశ్వికుల వేగమునకు లొంగును. పైగా ఆనాటి తుపాకి సుమారు నూరు మీటర్లకు మించి గురిగా కాల్చలేదు. కావున యుద్ధరంగమంతయు ఒక భోజనపు బల్లమీద ఇమిడిపోవును.

హైదరాబాదులో జరుగని యుద్ధము

నెపోలియను కాలపు యుద్ధమనగా ఐరోపాకు మాత్రమే చెందినదని తోచవచ్చును. కాని ఆ కాలపు పోరాటము తెలుగు దేశపు గడపవరకు వచ్చి ఆగెను. నిజాం అలీఖాను కొలువులో మిషెల్ రేమాండ్ అను ఫ్రెంచివాడు పాశ్చాత్య పద్ధతిలో పటాలములను తయారుచేసెను. 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధములో ఆ పటాలములు పాల్గొనినవి. హైదరాబాదులో ఫిరంగులను పోతపోయు కార్ఖానాను కూడ ఆయన నెలకొల్పెను. గన్‌ఫౌండ్రీ అను పేట పేరు దానినుండి వచ్చినదే. ప్రజలు మూసారాం అని పిలిచిన ఆయన పేరుమీదనే మూసారాంబాగ్ వెలసినదందురు. ఆయన 1798 మార్చి 25న మరణించెను. పిరోన్ అను మరియొక ఫ్రెంచివాడు నాయకుడయ్యెను.

ఆ సంవత్సరము జూలైలో నెపోలియను ఈజిప్టులో దిగెను. మైసూరులో టిప్పు సుల్తాను ఫ్రెంచివారి సాయమును కోరుచుండెను. హైదరాబాదు ఫ్రెంచి పటాలములు టిప్పుతో చేరునేమోయని ఈస్టిండియా కంపెనీ భయపడెను. 1798 సెప్టెంబరు 1న రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ నిజాముతో సంధి కుదుర్చుకొనెను. దాని ప్రకారము అక్టోబరు 22న కంపెనీ సైన్యము ఫ్రెంచి శిబిరమును చుట్టుముట్టగా పదివేలకు పైబడిన సిపాయిలు యుద్ధము లేకుండనే ఆయుధములను అప్పగించిరి. జీతములు బాకీపడి సిపాయిలు తమ అధికారులమీదనే తిరుగబడియుండుట దీనికి తోడ్పడెను. మరుసటి సంవత్సరము మే 4న శ్రీరంగపట్టణములో టిప్పు మరణించెను. 1800లో జరిగిన మరియొక సంధిచే తుంగభద్రకు దక్షిణముననున్న నిజాము భూములు కంపెనీకి పోయినవి.

ఈ చరిత్రలో తెలుగువారి పాలు కూడ కలదు. కంపెనీ తొలి సిపాయిలలో తెలుగు దేశమునుండి పోయినవారు అనేకులుండుటచే, ఉత్తర హిందూస్థానములో కంపెనీ సిపాయిని చాలకాలము ‘తిలంగా’ అనియే పిలుచుచుండిరి.

కల్పిత దండయాత్ర

జరిగినదానిని తెలుపునది చరిత్ర. జరుగగలిగియుండినదానిని లెక్కవేసి చూచుట యుద్ధక్రీడ. 1798 అక్టోబరులో ఆయుధములు అప్పగించుటకు ముందే ఫ్రెంచి పటాలములలో కొంత భాగము రెండు పాయలుగా దక్షిణమునకు తరలిపోయినదని ఊహింపవచ్చును. ఇది కేవలము కల్పన. ఇట్టి దండయాత్ర ఎన్నడును జరుగలేదు. ఈ నీలపు సైన్యములో సగము వనపర్తిని, సగము నాగర్‌కర్నూలును చేరినది. రెండును కలిసి కృష్ణను దాటి టిప్పు రాజ్యమువైపు పోవలెను. అంతకుముందే ఎర్రసైన్యము గద్వాల చేరి దారి కాచినది. నీలపు రెండు పాయలు కలియకముందే వానిని విడివిడిగా కొట్టుట ఎర్రసైన్యపు లక్ష్యము.

ఈ మూడు పట్టణములు 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఇప్పుడు మూడును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములు. గద్వాల కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డలో, కోట కలిగిన సంస్థానపు రాజధానిగా ఉండెను. కృష్ణకు ఉత్తరమున వనపర్తి సంస్థానము. వనపర్తికి ఈశాన్యదిశగా నాగర్‌కర్నూలు. పటము విప్పి చూచినచో ఒక చిత్రమైన సంగతి తెలియును. మూడు పట్టణములును దాదాపు ఒకే సరళరేఖమీద ఉన్నవి. గద్వాలనుండి వనపర్తికి, వనపర్తినుండి నాగర్‌కర్నూలుకు సూటిగా కొలిచినచో రెండు దూరములును సుమారు 30 కిలోమీటర్లే. మొదటి రెండింటి నడుమ, గద్వాలకు కొద్ది కిలోమీటర్ల దూరములోనే, కృష్ణ అడ్డముగా పారుచున్నది. యుద్ధక్రీడకు ఇంతకంటె అనువైన పటము దొరకుట కష్టము.

నియమములు ఇవి. ఒకటి: పటముమీద 1 సెంటీమీటరు నేలమీద 1 కిలోమీటరు. రెండు: ఒక ఎత్తు అనగా సగము దినము, అందు సైన్యము 10 కిలోమీటర్లు, గుర్రపు వార్తాహరుడు 30 కిలోమీటర్లు పోగలరు. మూడు: వర్షకాలపు నీరు ఇంకను తగ్గలేదు కనుక నది దాటుటకు పాచిక వేయవలెను, 1 గాని 2 గాని పడినచో ఆ ఎత్తులో రేవు దాటరాదు, 3 మొదలు 6 వరకు ఏది పడినను దాటవచ్చును. నాలుగు: ఒక కాయ 500 మందికి గుర్తు, ఎర్రసైన్యమునకు 20 కాయలు, నీలపు పాయలకు పది, పది. అయిదు: యుద్ధములో ప్రతి కాయకు ఒక పాచిక, 6 పడినచో ఎదుటివారి కాయ ఒకటి పోవును. రెండు పక్షములును ఒకేసారి పాచికలు వేసి, పిదప పోయిన కాయలను తీసివేయవలెను.

మొదటి ఎత్తులో ఎర్రసైన్యము గద్వాల విడిచి నది ఒడ్డు చేరి పాచిక వేయును. 4 పడినదనుకొన్నచో ఆ ఎత్తులోనే దాటిపోవును. అవతలి ఒడ్డుననున్న నీలపు వేగులవాడు దానిని చూచి రెండవ ఎత్తులో వనపర్తికి వార్త చేర్చును. మూడవ ఎత్తులో వనపర్తినుండి వార్తాహరుడు నాగర్‌కర్నూలు చేరును. అచ్చటి సైన్యము నాలుగు, అయిదు, ఆరు ఎత్తులలో నడిచి ఆరవ ఎత్తు చివర వనపర్తి చేరగలదు. ఎర్రసైన్యమో రెండు, మూడు, నాలుగు ఎత్తులలో నడిచి నాలుగవ ఎత్తు చివరకే వనపర్తి ముందు నిలుచును. అయిదవ ఎత్తులో యుద్ధము. సాయము రాకముందే 20 కాయలు 10 కాయలమీద పడినవి.

నదివద్ద మొదట 2 పడినదనుకొన్నచో కథ మారును. ఎర్రసైన్యము ఒక ఎత్తు ఆలస్యమగును. యుద్ధము ఆరవ ఎత్తులో జరుగును. అది ముగియుచుండగనే నాగర్‌కర్నూలు సైన్యము దుమ్ము లేపుకొనుచు వచ్చును. రెండుమారులు వరుసగా తప్పినచో ఎర్రసైన్యమునకు వనపర్తివద్ద 20 కాయలు ఎదురగును. ఈ మూడింటి సంభావ్యతలను విద్యార్థులు సులభముగా లెక్కింపవచ్చును. మొదటనే దాటుట 2/3, అనగా తొమ్మిదింట ఆరు. ఒకమారు తప్పి దాటుట 1/3 × 2/3, అనగా తొమ్మిదింట రెండు. రెండుమారులును తప్పుట 1/3 × 1/3, అనగా తొమ్మిదింట ఒకటి.

వనపర్తి సేనాపతికి కూడ నిర్ణయము కలదు. వార్త వినిన వెంటనే మూడవ ఎత్తులో నాగర్‌కర్నూలు దారిపట్టినచో నాలుగవ ఎత్తు చివరకు అతడు 20 కిలోమీటర్లు నడిచి, ఎదురు వచ్చు తనవారిని కలిసికొనగలడు. సైన్యము దక్కును, కాని వనపర్తియు, కృష్ణకు పోవు దారియు శత్రువు చేతిలో పడును. ఉన్నచోటనే నిలిచినచో దారి దక్కవచ్చును, సైన్యము పోవచ్చును. నాగర్‌కర్నూలుకు పోయిన వార్తాహరుడు చేరినాడో లేదో అతనికి తెలియదు. ఆ తెలియకపోవుటలోనే నిర్ణయపు బరువంతయు ఉన్నది.

ఇది కల్పితమైనను అసహజము కాదు. 1815 జూన్‌లో నెపోలియను సరిగా ఇట్లే వెల్లింగ్టన్, బ్లూషర్‌ల సైన్యముల నడుమ ప్రవేశించి, 16వ తేదీన లిన్యీవద్ద బ్లూషర్‌ను ఓడించెను. 17న కురిసిన వాన, 18న వాటర్లూ యుద్ధపు ప్రారంభమును ఆలస్యము చేసెను. ఓడినను చెదరని బ్లూషర్ సైన్యము ఆ సాయంకాలమునకు వెల్లింగ్టన్‌ను చేరెను. కృష్ణానది పాచిక ఇచ్చట చేయు పనినే అచ్చట వాన చేసెను.

సంఖ్య యొక్క వర్గము

ఎర్రసైన్యము విడివిడిగా కొట్టుటకు ఇంత తొందరపడుట ఎందులకు? ఒకే యుద్ధములో 20 కాయలతో 20 కాయలు పోరుటకును, పదింటితో రెండుమారులు పోరుటకును భేదమేమి? దీనికి గణిత సమాధానమును ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1914లో ప్రకటించి, 1916లో పుస్తకముగా వెలువరించెను.

దూరమునుండి గురిచూచి కాల్చుకొను యుద్ధములో ఒక పక్షపు నష్టము, ఎదుట ఎందరు కాల్చుచున్నారను దానిమీద ఆధారపడును. పెద్ద సైన్యము ఎక్కువ గుండ్లు వేయును. తనకు తగులు గుండ్లు ఎక్కువ మందిలో పంచబడును. సంఖ్య ఈ రెండు విధములుగను పనిచేయుటచే, సైన్యపు శక్తి దాని సంఖ్యకు కాక సంఖ్య యొక్క వర్గమునకు అనుపాతములో ఉండును. మిగిలినవారిని కనుగొనుటకు వర్గములను తీసివేసి వర్గమూలము కట్టవలెను.

వనపర్తివద్ద: 20 వర్గము 400, 10 వర్గము 100, భేదము 300, దాని వర్గమూలము సుమారు 17. అనగా ఎర్రసైన్యము మూడు కాయలు మాత్రమే పోగొట్టుకొని పది కాయలను తుడిచిపెట్టును. పిదప నాగర్‌కర్నూలు పాయ వచ్చినచో 300 నుండి మరియొక 100 తీసివేయగా 200. వర్గమూలము సుమారు 14. సమానబలమునుండి మొదలుపెట్టి, శత్రువును పూర్తిగా నాశనముచేసి, తన బలములో మూడింట రెండువంతులకు పైగా నిలుపుకొనినది. నీలపు పాయలు ముందే కలిసియుండినచో 400 నుండి 400 పోగా సున్న, గెలుపు పాచికలదే. శత్రువును చీల్చి కొట్టవలెనను నెపోలియను సూత్రము వెనుక గల లెక్క ఇదే. కత్తులతోను, ఈటెలతోను ఒకరికొకరు ఎదురై పోరు ప్రాచీన యుద్ధములకు ఈ వర్గ నియమము వర్తింపదని కూడ లాంచెస్టర్ చెప్పెను. అచ్చట సంఖ్య సంఖ్యగానే లెక్కకు వచ్చును.

పాచికలతో ఆడినప్పుడు సరిగా 17 మిగులదు. ఒకమారు 18, మరియొకమారు 15 మిగులవచ్చును. ఒక ఆట ఏమియు నిరూపింపదు. తరగతిలో ముప్పది జంటలు ఒక్కొక్కమారు ఆడి, మిగిలిన కాయల సంఖ్యలను రేఖాపటముగా గీచినచో అవి 17 పరిసరములలో గుమికూడుట కనబడును. యాదృచ్ఛికతను అనేకమారులు పునరావృత్తి చేసి సత్యమును సమీపించు ఈ మార్గమునే 1940లలో ఉలాము, ఫాన్ నాయ్‌మన్ అను శాస్త్రజ్ఞులు అణుపరిశోధనలో వాడిరి. జూదమునకు ప్రసిద్ధమైన మాంటి కార్లో పేరే దానికి పెట్టబడెను. నేడు కంప్యూటరు ఒక్క క్షణములో వేలకొలది ఆటలను ఆడగలదు. సూత్రము మాత్రము మారలేదు.

పాచికను తిప్పరాదు

ఆట పరీక్షగా పనికివచ్చుటకు ఒక షరతు కలదు. ఆడువారికి నచ్చని ఫలితము వచ్చినను దానిని స్వీకరింపవలెను. ఈ షరతును పాటించుటచే కలిగిన లాభమునకును, మీరుటచే వచ్చు ప్రమాదమునకును 1942వ సంవత్సరమే రెండు ఉదాహరణములను చూపినది.

ఆ సంవత్సరము ప్రారంభమున ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అను నౌకాధికారి ఒక చిన్న బృందమును ఏర్పరచెను. అందు పనిచేసినవారిలో పలువురు నౌకాదళములో చేరిన యువతులు. వారు గది నేలనే సముద్రముగా గీచి, సరకు ఓడల వరుసలను, జర్మను జలాంతర్గాములను బొమ్మలుగా ఉంచి ఆడి చూచిరి. జలాంతర్గాములు ఓడల వరుసకు వెలుపలినుండియే దాడిచేయునని అధికారులు నమ్ముచుండిరి. ఆట ఆడి చూడగా, మునిగిన ఓడల లెక్కకు ఆ నమ్మకము కుదరలేదు. జలాంతర్గామి వెనుకనుండి వరుసల నడుమకే చొరబడి దాడిచేయుచున్నదని తేలెను. దానినిబట్టి కొత్త ప్రతిక్రియలను రూపొందించి వేలకొలది అధికారులకు నేర్పిరి. వారి పద్ధతులు అట్లాంటిక్ సముద్రములో ఎన్నో ఓడలను రక్షించినవి.

అదే సంవత్సరము మే నెలలో జపాను నౌకాదళము మిడ్‌వే దాడిని ముందుగా బల్లమీద ఆడి చూచెను. విమానాధికారి ఫుచిద తరువాత వ్రాసినదానినిబట్టి, ఆ ఆటలో పాచిక ప్రకారము జపాను ఓడలకు తొమ్మిది బాంబులు తగిలి, అకాగి, కాగా అను రెండు విమానవాహక నౌకలు మునిగినవి. మధ్యవర్తిగానున్న ఉగాకి ఆ తొమ్మిదింటిని మూడుగా తగ్గించెను. మునిగిన కాగా తరువాతి ఆటలో మరల తేలెను. ఎత్తునుండి వేసిన బాంబులు ఓడలకు తగులుట అరుదు కనుక ఆ మార్పునకు ఆధారము లేకపోలేదని వాదించువారును కలరు. కాని, ‘శత్రు విమానములు ముందుగా మనమీద పడినచో ఏమి చేయవలెను?’ అను ప్రశ్నను ఆట లేవనెత్తగా, దానికి తగిన సమాధానము వెదకబడలేదు. జూన్ 4న జరిగిన దాడులలో అకాగి, కాగా మాత్రమే కాక, సోర్యు, హిర్యు కూడ దెబ్బతిని మునిగిపోయినవి.

ప్రయోగశాలలో అనుకొన్న విలువ రాలేదని కొలతను దిద్దు విద్యార్థికిని, పాచికను తిప్పు మధ్యవర్తికిని భేదము లేదు. ఇద్దరును ప్రకృతిని ప్రశ్న అడిగి, సమాధానమును తామే వ్రాసికొనినవారు.

ఆట చూపనిది

నియమములే ప్రమాణము కనుక, నియమములలో లేనిది ఆటలో కనబడదు. పై దండయాత్రలో పదివేలమంది సగము దినములో కృష్ణను దాటిరి. నిజముగా రేవు లోతుగా ఉన్నచో తోలు పుట్టులమీద కొద్దికొద్దిమందిగా దాటుటకు ఎన్నో దినములు పట్టును. ఆ పదివేలమంది ఏమి తినిరను ప్రశ్నయే రాలేదు. ఆనాటి దక్కను యుద్ధములలో సైన్యముల వెంట వేలకొలది ఎద్దులమీద ధాన్యము తోలుకొని పోయినవారు బంజారాలు, అనగా లంబాడీలు. 1799లో మైసూరుమీదను, 1803లో మరాఠాలమీదను యుద్ధము చేసిన ఆర్థర్ వెల్లెస్లీ, అనగా తరువాతి వెల్లింగ్టన్, వారిమీద ఎంతగానో ఆధారపడెను. ఎద్దులు చచ్చినచో సైన్యము ఆగిపోవును. ‘ప్రతి రెండు ఎత్తులకు ఒక ధాన్యపు కాయ ఖర్చగును’ అను ఒక్క నియమమును చేర్చి మరల ఆడినచో, గద్వాలనుండి వేగముగా పోయిన ఎర్రసైన్యము వనపర్తివద్ద గెలిచియు ఆకలితో నిలిచిపోవుట కనబడవచ్చును. నమూనా ఎంత చెప్పునో దానిలో ఏమి పెట్టితిమో అంతవరకే.

దెబ్బతినినవాని బాధ, సైన్యము నడిచిన దారిలోని చేల నాశనము, పల్లెలవారి పరుగు, ఇవి ఏ నియమమునకును లొంగవు. తీసిపెట్టిన కాయ మరునాడు మరల బల్లమీదికి వచ్చును. ఆ కాయ గుర్తుగా నిలిచిన 500 మంది రారు. బొమ్మల యుద్ధమును ఆడినవాడు నిజయుద్ధము ఎంత పెద్ద పొరపాటో గ్రహించునని వెల్స్ తన పుస్తకములో వాదించెను. ఆ పుస్తకము వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914లో, మొదటి ప్రపంచ సంగ్రామము ప్రారంభమయ్యెను.

ఈ ఆటను బడిలో ఆడుటకు ఖర్చు స్వల్పము. సీసపు బొమ్మలు అక్కరలేదు. చింతగింజలకు ఎరుపు, నీలపు రంగులు పూసినచో చాలును. ఓపిక ఉన్నవారు మట్టితోనో, కొండపల్లి, నిర్మల బొమ్మలకు వాడునట్టి పొణికి చెక్కతోనో సైనికులను చేయవచ్చును. పాచికలకు బదులు గవ్వలను వాడదలచినచో ముందుగా ఒక్కొక్క గవ్వను వందమారులు వేసి, వెల్లకిల ఎన్నిసార్లు, బోర్ల ఎన్నిసార్లు పడినదో వ్రాసికొనవలెను. గవ్వకు రెండు వైపులును సమానము కావు. చరిత్ర ఉపాధ్యాయుడు పటమును, గణిత ఉపాధ్యాయుడు సంభావ్యతను, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు నమూనా యొక్క పరిమితులను వివరింపవచ్చును. మధ్యవర్తిగా తరగతిలో మొగమాటము లేని విద్యార్థిని గాని, విద్యార్థినిని గాని నియమింపవలెను. ప్రతి పాచికయు పడినది పడినట్లు పుస్తకములో వ్రాయబడవలెను. ఎవరు గెలిచిరను దానికంటె, ఆటకు ముందు ఎవరు ఏమి ఊహించిరి, ఆట పిదప ఆ ఊహలలో ఏది నిలిచినది అను రెండు వరుసలు ఆ పుస్తకములో పక్కపక్కన ఉండుట ముఖ్యము.